అయిదుగురు జమయ్యేదాకా

మా అమ్మాయికి మూడున్నర నెలలప్పుడు టీకాల దవాఖానాలో ఒక సిస్టరమ్మ మీద నోరు పారేసుకున్నాను. ఇదంతా అక్కడే మొదలైంది. నా నోరు మంచిది కాదని మా ఇంట్లో అందరికీ తెలుసు. మా ఆయనైతే ఎవరితోనన్నా గొడవ పడాల్సి వస్తే తను వెనక నిలబడి నన్ను ముందుకి తోస్తాడు.

అప్పుడు మేం పంజాగుట్ట చౌరస్తా వెనక సందులో, ఒక ఇంటి పై వాటాలో అద్దెకుండేవాళ్ళం. గుంటూరు నుంచి వచ్చి రెండేళ్ళయింది. నేను అమీర్‌పేటలో ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పేదాన్ని. అప్పట్లో ఆ వీధులు చూసినవాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. కరెంటు స్తంభానికి కూడా ఏదో ఒక కోర్సు బోర్డు వేలాడేది. పొద్దున ఏడింటికి ఒక బ్యాచ్, తొమ్మిదింటికి ఒక బ్యాచ్, పదకొండుకి ఇంకో బ్యాచ్. ఒక బ్యాచ్ మెట్లు దిగుతుంటే ఇంకోటి ఎక్కేది. చెప్పే నాకూ వినే వాళ్ళకీ గంట కొట్టడం తప్ప వేరే ధ్యాస ఉండేది కాదు.

మా కింది వాటాలో సిరిసిల్ల నుంచి వచ్చిన దర్జీ కుటుంబం ఉండేది. ఆయన సోమాజిగూడలో ఒక దుకాణంలో ప్యాంట్లు కుట్టేవాడు. ఆమె ఇంట్లోనే కూర్చుని చీరలకి ఫాల్స్, జాకెట్లకి హుక్కులు కుట్టేది. నాకంటే అయిదారేళ్ళు చిన్నది. నన్ను అక్కా అనేది. మా ఇద్దరికీ ఇరవై రోజుల తేడాలో ఆడపిల్లలు పుట్టారు. ఆమె పాప పెద్దది. కాన్పుకి వచ్చిన మా అమ్మ ఊరికి తిరిగి వెళ్ళిపోయాక, నేను పాఠాలకి వెళ్ళిన వేళల్లో మా పిల్లని కూడా ఆమే చూసుకునేది. ఇద్దరినీ ఒకే బొంత మీద పడుకోబెట్టి, కాలితో ఒకదాన్ని, చేత్తో ఒకదాన్ని జోకొడుతూ హుక్కులు కుట్టేది.

టీకాలకి సర్కారు దవాఖానాకి వెళ్దామన్నది కూడా ఆమే. నడిచి వెళ్ళేంత దూరం. ప్రతి బుధవారం అక్కడ చంటిపిల్లలకి టీకాలు. తల్లులు ఏడింటికే వచ్చి పిల్లల కార్డుల్ని వరండా గోడ మీద ఒకదాని మీద ఒకటి పేర్చి, ఎగిరిపోకుండా పైన రాయి పెట్టేవారు. సిస్టరమ్మ తొమ్మిదిన్నరకి వచ్చి ఆ కట్ట లోపలికి తీసుకెళ్ళి ఒక్కొక్క పేరూ పిలిచేది. పిలిచేదాకా అందరం ఆ గచ్చు మీదే, పిల్లల్ని ఒళ్ళో వేసుకుని. ఒకరి పిల్లకి పాలు పడితే పక్కవాళ్ళ పిల్ల ఏడుపు. లేచి వెళ్తే పేరు పోతుందని భయం.

ఆ బుధవారం నేను ఏడున్నరకల్లా కార్డు పెట్టాను. పన్నెండైనా మా పిల్ల పేరు రాలేదు. అవతల పదకొండు గంటల బ్యాచ్ నాకోసం కూర్చుని ఉంది. పిల్ల ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. తోసుకుంటూ గదిలోకి వెళ్ళాను.

"ఏంటండీ ఇది? మమ్మల్ని మనుషులనుకుంటున్నారా, గొడ్లనుకుంటున్నారా? ఎవరికి ఏ టైమో చెబితే ఆ టైముకే వస్తాం గదా!"

సిస్టరమ్మ యాభై దాటిన మనిషి. సూదులు వెయ్యడం, రిజిస్టరు రాయడం, జ్వరం మాత్రలు పొట్లం కట్టి ఇవ్వడం, అన్నీ ఆమె ఒక్కతే. ముక్కు మీద చెమట తుడుచుకునే తీరిక కూడా లేదు. నన్ను ఎగాదిగా చూసింది.

"గంత తెలివున్నదానివి, ఎట్ల చెయ్యాల్నో నువ్వే చెప్పరాదు బిడ్డా. నాకు సుత ఇంటికి జల్ది పోవాల్ననే ఉంటది" అంది.

వెటకారంగానే అంది. నాకు మాత్రం పౌరుషం పొడుచుకొచ్చింది. మర్నాడు ఇన్‌స్టిట్యూట్‌లో క్లాసుకీ క్లాసుకీ మధ్య కూర్చుని చీటీలు తయారుచేశాను. తొమ్మిదిన్నర నుంచి అరగంటకొక బ్యాచ్, బ్యాచ్‌కి ఎనిమిది చీటీలు, చీటీ మీద టైము పెద్దక్షరాల్లో. ఇన్‌స్టిట్యూట్ ప్రింటరు మీదే కొట్టి, కత్తిరించి, కట్టలు కట్టాను. మంగళవారం మధ్యాహ్నం దవాఖానా ఆయమ్మ వాటిని పంచాలి. చీటీలో ఉన్న టైముకి వస్తే చాలు, వేయించుకుని వెళ్ళిపోవచ్చు.

సిస్టరమ్మ ఆ కట్టని అటూ ఇటూ తిప్పి చూసింది. "నడుస్తదంటవా?" అంది. నడవకపోతే నన్నడగండి అన్నాను. అబ్బో, ఏం ధీమా!

నడిచింది. మూడు వారాలకల్లా వరండా ఖాళీ. ఒక్కో వేళకి ఆరుగురో ఏడుగురో తల్లులు, అంతే. వచ్చినవాళ్ళు పావుగంటలో బయటపడేవారు. కార్డుల మీద రాయి పెట్టే పనే పోయింది. పై నుంచి తనిఖీకి వచ్చిన పెద్ద డాక్టరుగారు ఆ ఖాళీ వరండా చూసి ఆశ్చర్యపోయి, ఈ ఆలోచన ఎవరిదని అడిగారట. సిస్టరమ్మ నా గురించి చెప్పింది. ఆయన పక్క దవాఖానాల్లో కూడా ఇలాగే చెయ్యాలి అన్నారట. ఆ మాట విన్నాక వారం రోజులు నా కాళ్ళు నేల మీద లేవు. "కూతురికి టీకా వేయించుకు రమ్మంటే ఊరందరికీ టైంటేబుల్ వేసి వచ్చావా?" అని మా ఆయన ఆటపట్టించాడు. పైకి విసుక్కున్నాను గానీ లోపల మహా సంబరం.

కిందింటామె కూడా మురిసిపోయింది. "మంచి పని చేసినవ్ అక్కా. మునుపు బుధవారమంటే ఆ దినం కుట్టుడు బంద్. ఇప్పుడు పోయచ్చి సుత నాలుగు చీరలకు ఫాల్ ఏస్తున్న" అనేది.

ఇలా అయిదు నెలలు గడిచాయి. తొమ్మిది నెలలు నిండిన పిల్లలకి తట్టు టీకా వెయ్యాలి. ఆమె పాపకి ముందు నిండాయి. బుధవారం వెళ్ళి వచ్చి, "ఇయ్యాల ఎయ్యలేదక్కా, వచ్చే వారం రమ్మన్నది" అంది. మందు అయిపోయి ఉంటుందిలే అన్నాను. తరువాతి వారం కూడా అదే మాట. ఆమెకి అందులో వింతేమీ కనిపించలేదు. సర్కారు ఆఫీసంటే రెండుసార్లు తిప్పడం మామూలే కదా అనుకుంది. నేనూ పట్టించుకోలేదు. కొత్త కోర్సు మొదలవుతోంది, నాకు ఊపిరి సలపడం లేదు.

మూడో బుధవారానికి మా పిల్లకి కూడా తొమ్మిది నెలలు నిండాయి. కిందింటామెది పది గంటల చీటీ, నాది పదకొండున్నరది. నేను వెళ్ళేసరికి ఆమె వచ్చి వెళ్ళిపోయింది. సిస్టరమ్మ కార్డు చూసి పెదవి విరిచింది.

"తట్టు సూదా? ఇయ్యాల కాదు బిడ్డా. వచ్చే బుధవారం రా."

"మందు లేదా?"

"మందెందుకు లేదు. గీ సీసా జూడు. ఇండ్ల పొడి ఉంటది. నీళ్ళు కలిపినంక మూడు నాలుగు గంటలల్ల ఒడగొట్టాలె, లేకుంటే పారబొయ్యాలె. ఐదుగురికి సరిపోయే మందం ఉంటది. ఇద్దరికోసం సీసా కొట్టి మిగిలింది పారబోస్తే పైవాళ్ళు నన్ను నిలబెట్టి అడుగుతరు."

"మరి ఇదివరకు ఎలా వేసేవారు?"

ఆమె నా వంక చూసింది. తప్పు పట్టే చూపు కాదది. పాఠం చెప్పే చూపు.

"మునుపు అందరు ఒక్కకాడనే కూసుందురు గద. పదకొండు కొట్టంగనే వరండాలకు పోయి, తొమ్మిది నెలల పిల్లలు ఎందరున్నరని అడుగుతుంటి. ఐదుగురు జమైతుండిరి. సీసా కొడుతుంటి. ఇప్పుడు నీ చీటీలు వచ్చినంక ఎవరి టైముకు వాళ్ళు వస్తున్నరు, పోతున్నరు. పొద్దుగాల ఒక్కరు, పదింటికి మీ కిందింటామె, ఇప్పుడు నువ్వు. ఎవరికని కొట్టాలె?"

నాకు తల తీసేసినట్టయింది. అరగంటలు లెక్కేసుకున్నాను, చీటీలు లెక్కేసుకున్నాను. ఆ వరండాలో తల్లులు ఊరికే కూర్చోవడం లేదని, అలా కూర్చోవడం వల్లే తట్టు టీకా పడుతోందని నాకు తోచనే లేదు. ఇంతకుముందు నా పిల్లకి ఆ టీకా అవసరం రాలేదు కాబట్టి నేనది చూడలేదు. నాకు అవసరం రానిదాన్ని లెక్కలోకే తీసుకోలేదు.

దిద్దడం తేలికే. తొమ్మిది నెలల పిల్లలందరికీ ఒకే వేళ చీటీ ఇస్తే చాలు, పది నిమిషాల పని. ఆ మాట అక్కడే సిస్టరమ్మతో అనాల్సింది. అంటే నా చీటీల్లో తప్పుందని నా నోటితో నేనే ఒప్పుకున్నట్టు. పెద్ద డాక్టరుగారు మెచ్చుకున్న చీటీలాయె. వచ్చే నెల కొత్త చీటీలు కొట్టేటప్పుడు ఎవరికీ తెలియకుండా మార్చేద్దాంలే అనుకున్నాను. అలాగేనండీ అని వచ్చేశాను.

సాయంత్రం పిల్లని ఎత్తుకుని, ఆటో ఎక్కి, సోమాజిగూడలో ఒక పిల్లల డాక్టరు దగ్గర టీకా వేయించాను. వారం ఆగే ఓపిక నాకు లేదు. ఇంటికి వచ్చేసరికి కిందింటామె తలుపు దగ్గర కూర్చుని చీర అంచు మడుస్తోంది. మా పిల్ల చేతి మీద దూది చూసింది.

"ఏయించినవా అక్కా? నీ టైముకు మందు వచ్చినట్టున్నది. మంచిగైంది" అంది.

"ఆఁ" అని మెట్లెక్కేశాను.

ఎందుకలా అన్నానో చాలాసార్లు నన్ను నేనే ప్రశ్నించుకున్నాను. సోమాజిగూడలో వేయించానంటే అక్కడికెందుకెళ్ళావని అడుగుతుంది. ఎందుకో చెబితే తన పాప మూడుసార్లు ఉత్తచేతులతో తిరిగొచ్చింది నా చీటీల మూలంగానని తెలుస్తుంది. నన్ను నెత్తిన పెట్టుకున్న మనిషి ముందు చిన్నబోవడం ఇష్టం లేకపోయింది. ఇంతకంటే పెద్ద కారణం ఉంటే బాగుండేది. లేదు.

తరువాతి బుధవారం ఆమె మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ తిరిగొచ్చింది. ఆ పై బుధవారం సిస్టరమ్మని వేరే బస్తీకి పోలియో చుక్కల పని మీద పంపారు, దవాఖానాలో టీకాలే లేవు. ఆ రెండు వారాలూ నేను పొద్దున ఆరున్నరకి మెట్లు దిగి, చీకటి పడే వేళకి ఎక్కాను. మధ్యలో మా పిల్లని ఆమె చేతికిచ్చి, ఆమె చేతి నుంచి తీసుకున్నాను. చెప్పాలనుకున్నాను. రేపు చెబుదాం అనుకున్నాను.

ఆ శనివారం ఆమె పాపకి జ్వరం వచ్చింది. కళ్ళు ఎర్రబడ్డాయి, ముక్కు కారింది. మూడో రోజుకి చెవుల వెనక నుంచి ఒళ్ళంతా ఎర్రగా పొక్కింది. ఆమె అత్తగారు సిరిసిల్ల నుంచి వచ్చి తలుపుకి వేపమండలు కట్టింది. అమ్మతల్లి వచ్చిందని, మందులు మింగించకూడదని, ఇంట్లో తాళింపు పెట్టడం మానేశారు. తట్టు అని నాకు తెలుస్తూనే ఉంది. మా పిల్లని కిందికి పంపడం మానేసి పైనుంచి తొంగి చూశాను.

రెండు రోజుల తరువాత పాప ఎగశ్వాస నాకు మెట్ల మీదికి వినిపించింది. అప్పుడు దిగాను. "దవాఖానాకి తీసుకుపో. నా మాట విను, ఇప్పుడే తీసుకుపో" అని అత్తగారి మీద కూడా అరిచి, నేనే ఆటో పిలిచాను. పిల్లల పెద్దాసుపత్రిలో పన్నెండు రోజులున్నారు. ఊపిరితిత్తులకి పాకిందన్నారు. రెండు చెవుల్లోంచీ చీము కారింది. నేను చీటీలు మార్చింది ఆ రోజుల్లోనే. తొమ్మిది నెలల పిల్లలందరికీ పదకొండు గంటలు. ఆ బుధవారమే అయిదుగురు పిల్లలకి తట్టు టీకా పడింది. సిస్టరమ్మ సంతోషంగా చెబితే నేను ముఖం పక్కకి తిప్పుకున్నాను.

పాప బతికింది. సగమై ఇంటికొచ్చింది. మళ్ళీ పాలు తాగి, అన్నం తిని, మెల్లగా ఒళ్ళు చేసింది. ఏడాది నిండాక గోడ పట్టుకుని నడిచింది. హమ్మయ్య, గట్టెక్కింది అనుకున్నాను. ఇక ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు అని కూడా అనుకున్నాను. దాచుకోవడం ఎందుకు.

ఒకరోజు మధ్యాహ్నం ఆమె పైకొచ్చింది. మొహంలో నెత్తురు లేదు. "అక్కా, నా బిడ్డ పిలిస్తే సూస్తలేదు. పొగరనుకున్న. గా బేగంపేటల దిగే విమానం మన డాబా మీదికెల్లి పోతే మునుపు ఉలిక్కిపడి ఏడుస్తుండె. ఇప్పుడు కన్ను సుత తెరుస్తలేదు" అంది.

నేను కిందికి వెళ్ళి పాప వెనక కూర్చుని చప్పట్లు కొట్టాను. పళ్ళెం మీద గరిటతో కొట్టాను. అది తన చేతిలోని దారపు ఉండతోనే ఆడుకుంటూ ఉంది. మర్నాడు ఆసుపత్రికి నేనూ వెళ్ళాను. ఏవేవో పరీక్షలు చేశారు. రెండు చెవులూ పోయాయన్నారు. తట్టు వల్లేనా అని నేను అడిగాను. అవునన్నారు. టీకా పడి ఉంటే? ఆ మాట డాక్టరుని పక్కకి పిలిచి అడిగాను. రెండు మూడు వారాల ముందు పడి ఉంటే బహుశా వచ్చేది కాదమ్మా అన్నాడు. బహుశా అన్నాడు కదా అని ఆ మాటని పట్టుకుని రెండు రోజులు గడిపాను. మూడో రోజు అన్నం దిగలేదు.

ఆదివారం పొద్దున మా పిల్లని ఎత్తుకుని కిందికి వెళ్ళాను. ఆమె ఒక్కతే ఉంది. పాప ఒళ్ళో ఉంది, ఆమె జాకెట్‌కి హుక్కులు కుడుతోంది. నేను ఎదురుగా కూర్చుని చెప్పడం మొదలుపెట్టాను. చీటీలు, అరగంటలు, నీళ్ళు కలిపితే ఆగని మందు, అయిదుగురు కావాలన్న లెక్క, నా చీటీల వల్ల ఆ అయిదుగురూ ఎప్పుడూ ఒక్కచోట చేరకపోవడం. అంతా చెప్పి, తప్పు నాది అన్నాను. ఏడ్చాను కూడా.

ఆమె సూది పక్కన పెట్టింది. తరువాత తన కొంగుతో నా కళ్ళు తుడిచింది.

"గా చీటీలదేమున్నది అక్కా. నువ్వు మా మంచికే చేసినవ్. మేం సుత బాగున్నదనే అన్నం గద. ఐదుగురు కావాల్నని నీకేం ఎరుక? మా నసీబు" అంది.

నా గుండెల మీంచి బండ దించినట్టయింది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ నిమిషం నాకు హాయిగా అనిపించింది. లేవబోయాను కూడా.

"గని ఒకటి చెప్పక్కా" అంది ఆమె. "గా దినం నీ బిడ్డకు ఎట్ల ఏసింది మరి? నీ టైముల ఐదుగురు జమైన్రా?"

"లేదు."

"మరి?"

"సోమాజిగూడలో వేయించాను. ఆ సాయంత్రమే."

"సిస్టరమ్మ నీకు చెప్పిందా, ఐదుగురు కావాల్నని?"

"చెప్పింది. నీ పాప అందుకే తిరిగొచ్చిందని కూడా చెప్పింది."

ఆమె వేళ్ళు మడుస్తూ పెదాలు కదిపింది. బుధవారం నుంచి శనివారం దాకా, ఒక వారం, రెండు వారాలు. లెక్క పూర్తయ్యాక తలెత్తింది.

"పదిహేడు దినాలు" అంది. "పదిహేడు దినాలు దినాం నా తలుపు ముంగటకెల్లి దిగినవ్, ఎక్కినవ్. నీ బిడ్డను నా ఒళ్ళె పండవెట్టిపోయినవ్. ఒక్క మాట చెప్తే నా బిడ్డను సంకనేసుకొని సోమాజిగూడకు నేను పోకపోదునా? ఒక్క మాటక్కా! ఎందుకు చెప్పలే? ఎందుకు చెప్పలే నువ్వు?"

ఆ మనిషి గొంతు పెంచగా నేనెన్నడూ వినలేదు. సందంతా వినబడేలా అరిచింది. నా చంకలో మా పిల్ల ఉలిక్కిపడి ఏడుపు లంకించుకుంది. ఆమె ఒళ్ళో పాప మాత్రం హుక్కుల అట్టని అటూ ఇటూ తిప్పుతూ, తల్లి మొహం కేసి చూడకుండా ఆడుకుంటూనే ఉంది.